షాంపూ ప్యాకెట్, శెనక్కాయ చేను, మందు గొట్టం: బూజును ఆపే లోహం కథ

పావగడ తాలూకా పల్లెల్లో దాదాపు ప్రతి ఇంటికీ తెలిసిన మూడు వస్తువులను ఒకచోట పెట్టి చూద్దాం. మొదటిది అంగట్లో కొన్న చుండ్రు షాంపూ ప్యాకెట్. రెండోది శెనక్కాయ చేనుకు పిచికారీ చేయడానికి తెచ్చిన పసుపుపచ్చ పొడి. రైతుల నోట్లో అది ‘ఎం నలభై ఐదు’. మూడోది ఒంటి మీద తామర లేస్తే పూసుకునే మందు గొట్టం.

మూడూ వేర్వేరు అంగళ్లలో దొరుకుతాయి. కానీ మూడింటి పనీ ఒకటే, శిలీంధ్రాన్ని ఆపడం. మూడింటి వెనుకా ఉన్న రసాయన శాస్త్రం కూడా ఒకటే. ఒక లోహం, దాన్ని చుట్టూ పట్టుకుని ఉండే అణువులు. మన పిల్లలు పీయూసీ రెండో ఏడాదిలో ‘కోఆర్డినేషన్ కాంపౌండ్స్’ అనే పేరుతో చదివే పాఠం ఇదే. తెలుగులో వీటిని సమన్వయ సమ్మేళనాలు అంటారు. పేరు వినగానే పిల్లలు బెదిరిపోతారు. అందుకే ఆ పాఠాన్ని మన ఇళ్లలోంచి, మన చేలల్లోంచి మొదలుపెట్టవచ్చని చెప్పడానికే ఈ వ్యాసం.

నీలిరంగు ఎక్కడిది?

మైలుతుత్తం అందరికీ తెలుసు. నీలిరంగు పలుకులు. దాన్ని గట్టిగా వేడి చేస్తే తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి మీద నాలుగు చుక్కల నీళ్లు పడగానే మళ్లీ నీలిరంగు వస్తుంది. అంటే రంగు ఒక్క రాగిది కాదు, రాగినీ నీటినీ కలిపి ఉంచే బంధానిది. మైలుతుత్తం పలుకులో ఒక్కో రాగి అయానును నాలుగు నీటి అణువులు నేరుగా పట్టుకుని ఉంటాయి. మైలుతుత్తం ద్రావణంలో అమ్మోనియా ద్రావణం కొద్దిగా పోస్తే లేతనీలం ముద్ద కడుతుంది. ఇంకా పోస్తే ఆ ముద్ద కరిగి ముదురు నీలం ద్రావణం అవుతుంది. నీటి అణువులు ఉన్న చోటును నాలుగు అమ్మోనియా అణువులు తీసుకున్నాయన్నమాట.

కళ్లంలో గుంజ చుట్టూ ఎడ్లను కట్టినట్టు, మధ్యన లోహం ఉంటుంది, దాని చుట్టూ లెక్క ప్రకారం కొన్ని అణువులు ఉంటాయి. ఆ అణువులనే లైగాండ్లు అంటారు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ ఈ అమరికను వివరించారు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కొన్ని లైగాండ్లు ఒక్క చేత్తో పట్టుకుంటే, కొన్ని రెండు చేతులతో పట్టుకుంటాయి. ఎండ్రకాయ కొండితో పట్టినట్టు ఉండే ఆ పట్టునే ‘కీలేషన్’ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు మూలం కొండి అనే అర్థమే. ఈ కొండి పట్టు ముందు ముందు మనకు పనికొస్తుంది.

మైలుతుత్తం, అమ్మోనియం కార్బొనేట్ కలిపి చేసే ‘చెషంట్ మిశ్రమం’ నారుకుళ్లు నివారణకు పాతకాలం నుంచి ఉన్న మందు. ఇంగ్లాండులోని చెషంట్ పరిశోధన కేంద్రంలో పుట్టింది కనుక ఆ పేరు. పైన చెప్పిన ముదురు నీలం అమ్మోనియా సమ్మేళనమే ఇందులోనూ ఉంటుంది. అంటే తరగతి గదిలో పరీక్షనాళికలో కనిపించిన రంగే నారుమడిలో మందుగా పనిచేసింది.

ద్రాక్షతోట దారి, మలెనాడు పోకతోట

లోహంతో బూజును ఆపవచ్చని లోకానికి తెలియడం ఒక చిన్న గమనింపుతో జరిగింది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్షపండ్లు తెంపుకోకుండా దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. చూడ్డానికే విషంలా ఉండేది. 1882లో వృక్షశాస్త్ర ఆచార్యుడు మిల్లార్డే ఒకటి గమనించారు. తోటంతా బూజు తెగులుతో ఆకులు రాలిపోతుంటే, దారి పక్కన చల్లిన తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మూడేళ్లు పరీక్షలు చేసి 1885లో ఆయన ఫలితాలు ప్రకటించారు. అదే బోర్డో మిశ్రమం.

ఆ మందు మన కర్ణాటకకూ వచ్చింది. మలెనాడు పోకతోటల్లో వానాకాలంలో కాయలు కుళ్లి రాలే ‘కొళెరోగ’ రైతులను కుంగదీసేది. కెనడా నుంచి 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన లెస్లీ కోల్‌మన్ ఆ తెగులును పరిశోధించి, బోర్డో మిశ్రమం పిచికారీని రైతులకు అలవాటు చేశారు. ఈనాటికీ పోక రైతులు వాన ముందు అదే చల్లుతున్నారు. కొళెరోగకు కారణమైన ఫైటాఫ్తోరాను నేటి శాస్త్రం అసలైన శిలీంధ్రాల్లో చేర్చదు, వాటిని పోలిన వేరే వర్గంలో పెడుతుంది. అయినా రాగి దాని మీద పనిచేస్తుంది.

ఒక శాతం బోర్డో మిశ్రమానికి లెక్క సులువు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రెంటినీ వేర్వేరుగా కరిగించి కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తిని కాసేపు ముంచి తీస్తే దాని మీద ఎర్రటి రాగి పూత పడకూడదు. పడితే సున్నం చాలలేదని అర్థం. పదో తరగతి విజ్ఞానశాస్త్రంలో మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేసే ప్రయోగం ఉంది కదా, రైతు కత్తి పరీక్ష అదే. ఈ సంగతి చెబితే ఆ సమీకరణాన్ని పిల్లవాడు మరచిపోడు.

పసుపుపచ్చ పొడిలో ఏముంది?

మన శెనక్కాయకు వచ్చే తెగుళ్లలో తిక్కా ఆకుమచ్చ ముఖ్యమైనది. ఆకుల మీద గుండ్రటి మచ్చలు లేచి, ముదిరితే చెట్టు మోడు అవుతుంది. కాయ ఊరదు, పశువులకు మేతా మిగలదు. తుప్పు తెగులు, మొదలు కుళ్లు వేరే ఉన్నాయి. వీటిలో ఆకుమచ్చకు, తుప్పుకు ఎక్కువగా వాడిన మందుల్లో మాంకోజెబ్ ఒకటి. అదే మన ‘ఎం నలభై ఐదు’.

మాంకోజెబ్‌లో మాంగనీసు, జింక్ అనే రెండు లోహాలు ఉంటాయి. గంధకం ఉన్న కర్బన అణువులు ఆ లోహాలను గొలుసులా పట్టుకుని ఉంటాయి. ఈ కుటుంబానికి డైథయోకార్బమేట్లు అని పేరు. 1930లలో ఈ కుటుంబం మందులుగా వెలుగులోకి వచ్చింది. ఇనుముతో ఫెర్బామ్, జింక్‌తో జైరామ్, జైనెబ్, మాంగనీసుతో మానెబ్ వచ్చాయి. 1960లలో మాంకోజెబ్ వచ్చింది. లైగాండ్ల తీరు దాదాపు ఒకటే, లోహం మారితే మందు గుణం మారింది. సమన్వయ సమ్మేళనాల పాఠంలో అసలు సంగతి ఇదే.

షాంపూ ప్యాకెట్ సంగతికి వద్దాం. చాలా చుండ్రు షాంపూల్లో ‘జింక్ పైరిథియోన్’ ఉంటుంది. రెండు పైరిథియోన్ అణువులు కొండి పట్టుతో ఒక జింక్‌ను పట్టుకుని ఉంటాయి. తల మీది చుండ్రుకు కారణాల్లో మలసీజియా అనే శిలీంధ్రం ఒకటి. ఈ మందు దాన్ని ఎలా ఆపుతుందో 2011లో ఒక పరిశోధన చూపించింది. ఈ సమ్మేళనం వల్ల శిలీంధ్ర కణంలోకి రాగి ఎక్కువగా చేరుతుంది. ఆ రాగి కణానికి అవసరమైన ఇనుము, గంధకం ఉన్న ప్రొటీన్లను పాడుచేస్తుంది. పేరులో ఉన్నది జింక్ అయితే దెబ్బ తీసేది రాగి.

తామర మందు గొట్టంలో అసలు లోహమే లేదు. అయినా కథ అదే. క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్ వంటి అజోల్ మందుల అణువులో ఒక నత్రజని పరమాణువు ఉంటుంది. శిలీంధ్రం తన కణం పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారు చేసుకునే ఒక ఎంజైములో ఇనుము ఉంటుంది. మన రక్తంలో ఉండే ‘హీమ్’ వంటిదే అది. మందులోని నత్రజని పోయి ఆ ఇనుమును పట్టుకుంటుంది. ఎంజైము ఆగిపోతుంది, పొర చెడుతుంది. అంటే సమన్వయ బంధం మందు సీసాలో కాక శిలీంధ్రం లోపలే ఏర్పడుతోంది.

కొత్త మందుల కోసం ఎందుకీ వెతుకులాట?

2021లో కోవిడ్ రెండో విడత తర్వాత ‘బ్లాక్ ఫంగస్’ పేరు మన ఊళ్లలోనూ వినబడింది. ఆంఫోటెరిసిన్-బి ఇంజక్షన్ కోసం జనం పడ్డ పాట్లు చాలామందికి గుర్తే. ఒంటి లోపలికి పాకిన శిలీంధ్ర వ్యాధులకు వాడే మందుల్లో ప్రధాన తరగతులు నాలుగే. బ్యాక్టీరియాకు ఉన్నన్ని మందులు శిలీంధ్రానికి లేవు. కారణం ఉంది. శిలీంధ్ర కణానికీ మన కణానికీ పోలిక ఎక్కువ. దాన్ని చంపేది మనకూ హాని చేసే ప్రమాదం ఉంది.

2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారిగా ప్రమాదకర శిలీంధ్రాల జాబితా ప్రకటించింది. అందులో 19 ఉన్నాయి. కాండిడా ఆరిస్, ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ వంటివి అన్నిటికన్నా ముందు వరుసలో ఉన్నాయి. మందులకు లొంగని రకాలు పెరుగుతున్నాయన్నది ఆ జాబితా వెనుక ఉన్న ఆందోళన. ఇందులో చేనుకూ పాత్ర ఉంది. పొలాల్లో చల్లే హెక్సాకోనజోల్, టెబుకోనజోల్ కూడా అజోల్ కుటుంబమే. చేలో అజోల్‌కు అలవాటుపడిన ఆస్పర్జిల్లస్ ఆసుపత్రిలో అజోల్ మందుకూ లొంగకపోవచ్చని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. అవసరం లేకున్నా మందు కొట్టడం వల్ల నష్టం ఒక్క రైతు జేబుకే కాదు.

అందుకే లోహ సమ్మేళనాల వైపు మళ్లీ చూపు మళ్లింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో ‘కో-యాడ్’ అనే ఏర్పాటు ఉంది. ప్రపంచంలో ఏ రసాయన శాస్త్రవేత్త అయినా తాను తయారు చేసిన సమ్మేళనాన్ని పంపితే అక్కడ ఉచితంగా పరీక్షిస్తారు. అలా వచ్చిన లోహ సమ్మేళనాల్లో శిలీంధ్రాల మీద బాగా పనిచేసిన 21 సమ్మేళనాల వివరాలు 2022లో వెలువడ్డాయి. వాటిలో కొన్నిటిని మైనపు పురుగు లార్వాల మీద కూడా పరీక్షించారు. ఇంకా మందుగా మారలేదు. కానీ దారి ఉందని తెలిసింది.

పరీక్ష ఎలా చేస్తారు?

మన చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో ఈ పని ఏళ్లుగా సాగుతోంది. మనకు దగ్గరలోనే ఉన్న అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదు ఉస్మానియా, ధారవాడ కర్ణాటక విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగాల్లో లైగాండ్లు తయారు చేసి, వాటికి రాగి, జింక్, నికెల్, కోబాల్ట్ జోడించి, వాటి గుణాలు పరిశీలించిన పరిశోధకులు ఉన్నారు. పరీక్ష పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

ముందు శిలీంధ్రానికి తిండి తయారు చేస్తారు. 200 గ్రాముల ఆలుగడ్డ ఉడికించిన రసం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్ చక్కెర, 20 గ్రాముల అగర్, అంతా కలిపి ఒక లీటరు. సూక్ష్మజీవులన్నీ చచ్చేలా ఆవిరిలో ఉడికించి, గాజు పళ్లెంలో పోస్తే పాయసం పేరుకున్నట్టు గట్టిపడుతుంది. గట్టిపడక ముందే అందులో పరీక్షించాల్సిన సమ్మేళనాన్ని కొలత ప్రకారం కలుపుతారు. మధ్యలో 5 మిల్లీమీటర్ల శిలీంధ్రపు ముక్క పెట్టి మూత వేస్తారు. తిండిలోనే విషం ఉంది కనుక దీన్ని ‘విషాహార పద్ధతి’ అనవచ్చు. కొద్ది రోజుల తర్వాత బూజు ఎంత వెడల్పు పాకిందో స్కేలుతో కొలుస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. మందు లేని పళ్లెంలో బూజు 80 మిల్లీమీటర్లు పాకి, మందు ఉన్న పళ్లెంలో 20 మిల్లీమీటర్లే పాకిందనుకుందాం. తేడా 60. దాన్ని 80తో భాగించి 100తో గుణిస్తే 75 శాతం. మందు 75 శాతం పెరుగుదలను ఆపిందన్నమాట. ఏడో తరగతి శాతాల లెక్కే ఇది.

అసలు తెలివి మాత్రం పక్కన పెట్టే పళ్లేలలో ఉంది. లోహ సమ్మేళనం ఉన్న పళ్లెం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. లైగాండ్ ఒక్కటే వేసిన పళ్లెం కావాలి. లోహ లవణం ఒక్కటే వేసిన పళ్లెం కావాలి. సమ్మేళనాన్ని కరిగించడానికి వాడిన డీఎంఎస్‌ఓ వంటి ద్రావణి ఒక్కటే వేసిన పళ్లెం కావాలి. ఇప్పటికే తెలిసిన మందు వేసిన పళ్లెం కావాలి. ఏమీ వేయనిది ఒకటి కావాలి. ప్రతి రకమూ కనీసం మూడేసి సార్లు చేయాలి. అప్పుడే ‘రెండూ కలిస్తేనే పనిచేసింది’ అనే మాటకు విలువ. ఒక్కోసారి డీఎంఎస్‌ఓ తానే లైగాండ్‌ను తోసేసి లోహాన్ని పట్టుకుంటుంది. అప్పుడు మనం పరీక్షిస్తున్నది మనం తయారు చేసిన సమ్మేళనమే కాదు. మంచి పరిశోధకులు దీన్ని కూడా చూసుకుంటారు.

చాలాసార్లు లైగాండ్ కన్నా లోహంతో కలిసిన సమ్మేళనమే ఎక్కువ పనిచేస్తుంది. దీనికి తరచూ చెప్పే వివరణ ఒకటుంది. శిలీంధ్ర కణం పొర కొవ్వుతో కూడినది. విద్యుదావేశం ఉన్న లోహ అయాను ఆ పొరను సులువుగా దాటలేదు. లైగాండ్లు కొండి పట్టు పట్టినప్పుడు ఆ ఆవేశం చుట్టూ పరచుకుని తగ్గుతుంది. అప్పుడు సమ్మేళనం కొవ్వులో కరిగే గుణం తెచ్చుకుని లోపలికి దూరుతుంది. దీన్ని ట్వీడీ కీలేషన్ సిద్ధాంతం అంటారు. అన్ని సమ్మేళనాలకూ ఇదొక్కటే కారణం అనుకోకూడదు. పైన జింక్ పైరిథియోన్ సంగతి చూశాం కదా.

పళ్లెం దాటాక మరిన్ని మెట్లున్నాయి. బూజు చచ్చిందా, ఊరికే నిద్రపోయిందా? ఆ ముక్కను తీసి శుభ్రమైన పళ్లెంలో పెడితే తెలుస్తుంది. తిరిగి పెరిగితే మందు ఆపిందే గాని చంపలేదు. ఎంత తక్కువ మోతాదుతో పనిచేస్తుంది? మనిషి కణాలకు హాని ఎంత? ఎండకు, వానకు ఆకు మీద నిలుస్తుందా? శెనక్కాయ తుప్పు తెగులు శిలీంధ్రం బతికి ఉన్న ఆకు మీదే తప్ప ఇలాంటి పళ్లెంలో పెరగదు. దాన్ని కోసిన ఆకుల మీదో మొక్కల మీదో పరీక్షించాలి. పళ్లెంలో గెలిచినవాటిలో ఎక్కువ భాగం ఈ మెట్ల దగ్గరే ఆగిపోతాయి. జింక్ పైరిథియోన్‌ను యూరప్‌లో 2022 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. మాంకోజెబ్ అనుమతిని యూరోపియన్ యూనియన్ 2020 చివర్లో పొడిగించలేదు. బూజును ఆపడం ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాగి అంటే ఏది?

ఇప్పుడు మన బడుల సంగతి. మన పిల్లలు పదో తరగతి దాకా తెలుగులో చదివి, పీయూసీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడతారు. మధ్యలో కన్నడం. ‘రాగి’ అనే ఒక్క మాటే చూడండి. తెలుగులో అది లోహం. కన్నడంలో అది మనం సంగటి చేసుకునే ధాన్యం. లోహాన్ని వాళ్లు ‘తామ్ర’ అంటారు. ఇంగ్లీషులో కాపర్. జింక్‌కు కన్నడంలో ‘సతు’, ఇనుముకు ‘కబ్బిణ’. కానీ సున్నం ‘సుణ్ణ’గా, మైలుతుత్తం ‘మైలుతుత్త’గా దగ్గరగానే ఉన్నాయి. శిలీంధ్రం రెండింటిలోనూ శిలీంధ్రమే. మాటలు మారినా పట్టు తప్పకుండా ఉండాలంటే, వస్తువు కళ్ల ముందు ఉండగా మూడు పేర్లూ చెప్పాలి. అలా చేసిన పిల్లలు పీయూసీ సైన్సుకు వెళ్లడానికి వెనుకాడరని మా టీచర్లం గమనిస్తూ వస్తున్నాం. భాష అడ్డమని సైన్సు వదిలేసే పిల్లల్లో లెక్కలూ సైన్సూ వచ్చినవాళ్లు కూడా ఉంటారు. ఆ నష్టం తగ్గించడం మన చేతిలో ఉంది.

భీమవరంలో పుట్టి అమెరికాలో మందుల పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద 1953లో ఒక శిలీంధ్రానికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టారు. ఒక తెలుగువాడి పేరు బూజుల జాబితాలో శాశ్వతంగా ఉందని పిల్లలకు చెప్పండి.

బడిలో, ఇంట్లో

టీచర్లు మైలుతుత్తం, అమ్మోనియా ప్రయోగాన్ని తామే చేసి చూపాలి, గాలి ఆడే చోట. అమ్మోనియా వాసన ఘాటు, మైలుతుత్తం మింగితే విషం. బూజు పెంచే పళ్లేలను బడిలో తెరవకూడదు. శెనక్కాయ మీద పెరిగే ఆస్పర్జిల్లస్ వంటివి పీలిస్తే కొందరికి ప్రమాదం. లెక్క నేర్పడానికి కాగితం మీద గీసిన వృత్తాలు చాలు. ఒకటి 80 మిల్లీమీటర్లు, మరొకటి 50, ఇంకొకటి 20. స్కేలుతో కొలిచి శాతం కట్టించండి. ఏ పళ్లెం పక్కన పెట్టకపోతే ఫలితం నమ్మకూడదో పిల్లల చేతే చెప్పించండి. మంచి ఆలోచన వచ్చిన పిల్లల పేర్లు ఇన్‌స్పైర్ అవార్డ్స్-మానక్‌కు పంపండి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు అందుతాయి.

తల్లిదండ్రులకు మా మనవి. పిచికారీ పని పిల్లలకు చెప్పకండి. మందు కలపడానికి వంటపాత్ర వాడకండి, ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయకండి. మందు కొట్టేటప్పుడు ముక్కుకూ చేతులకూ రక్షణ ఉండాలి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో పొట్లం మీద ఉంటుంది. ఆ అక్షరాలు చిన్నవి, మీ పిల్లల చేత చదివించుకోండి. కాయలు ఊపితే గింజ గలగలలాడేదాకా ఎండబెట్టి దాచండి. తడి కాయల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ పెరిగితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చింది బూజు పట్టిన శెనక్కాయ పిండి తినే. ఆ విషం ఒకసారి గింజలో చేరాక ఏ లోహపు మందూ దాన్ని తీయలేదు, వేయించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజలు ఏరి పారేయాలి, పశువులకూ పెట్టకూడదు.

వచ్చే ఖరీఫ్‌లో మీ ఇంటికి తెచ్చిన మందు పొట్లం మీది రసాయనం పేరును ఒక కాగితం మీద రాసి పిల్లల చేత బడికి పంపండి. పొట్లం వద్దు, పేరు చాలు. అందులో ఏ లోహం ఉందో, లేకుంటే అది శిలీంధ్రంలో ఏ లోహాన్ని పట్టుకుంటుందో మూడు భాషల్లోనూ పిల్లలతో కలిసి వెతుకుదాం.